తవుడికి కొన్న బిడ్డ

మా వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొదవ లేదు గాని, తెలుగు చదివే ఇల్లు మాత్రం కనిపించదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. రాతకోతలన్నీ అరవంలోనే. నాకు నాలుగు తెలుగక్షరాలు వచ్చాయంటే అది మా నాన్న చాదస్తం. తాతముత్తాతల మాట ఎట్లా ఉంటుందో కళ్ళతో చూడకపోతే ఎట్లా అని పలక మీద దిద్దించాడు. అత్తగారింట్లో ఆ చదువు ఎందుకూ పనికిరాలేదు. ఇప్పుడు పనికొస్తోంది. మా అత్తవైపు వాళ్ళలో ఒక్కరు కూడా దీన్ని చదవలేరన్న ధీమాతోనే రాస్తున్నాను. అందుకని మొగమాటం కొద్దీ ఎవరినీ మంచివాళ్ళను చెయ్యక్కరలేదు.

నేను కాపురానికి వెళ్ళిన ఇల్లు కోవిల్‌పట్టి ఊరి చివర, రైలు కట్టకు అవతల ఉండేది. ఇంటి వెనక గేదె, గడ్డివాము, ఎరువు కుప్ప. వాటి వెనక చూసినంత మేరా నల్లరేగడి. వాన పడిన ఏడు పత్తీ సజ్జలూ పండేవి, పడని ఏడు ఇంటిల్లిపాదీ ఆకాశం వంక చూసేవాళ్ళం. మామ పోయి చాలా కాలమైంది, పెత్తనమంతా అత్తది. పెద్దకొడుకు, అంటే మా బావ, ఊళ్ళో ఒక మిరపకాయల మండీలో తూకం చూసేవాడు. చిన్నకొడుకు మా ఆయన, సేద్యం చేసేవాడు. బావ భార్యకు పెళ్ళై చాలా ఏళ్ళైనా కడుపు పండలేదు. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని, ఇక్కడా అట్లాగే రాస్తాను. అత్త ఆమెను ఏమని పిలిచేదో రాయను. రోజూ గేదెకు కుడితి పెడుతూ గేదెతో చెప్పినట్టు ఆమెను అనేది.

నేను చెప్పబోయే బిడ్డకు ముందు నాకు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఇద్దరూ మా పుట్టింట్లోనే పుట్టారు. ఇద్దరూ పురిటి స్నానమైనా కాకముందే దవడలు బిగుసుకుపోయి, పాలు పట్టలేక, విల్లులా వంగిపోయి పోయారు. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, నా పాలలో విషముందన్నారు. మూడోసారి నెల తప్పినప్పుడు మా అమ్మ గాజులు తెచ్చి నన్ను తీసుకుపోతానంటే అత్త పంపలేదు. "ఆ ఇంటి మన్ను మగబిడ్డను వోర్వదమ్మా. ఈసారి మా ఇంట్లోనే కానీ" అంది. మా అమ్మ గాజులు తొడిగి, కళ్ళు తుడుచుకుని, బండెక్కి వెళ్ళిపోయింది. బిడ్డలు పోయిన తల్లిని అనే మాటలకు అంతుంటుందని అప్పటిదాకా అనుకునేదాన్ని.

పుట్టిన బిడ్డ బతకకపోతే తర్వాతి బిడ్డను తవుడికి అమ్మడం మా వాళ్ళలో పాత ఆచారం. అమ్మేస్తే ఆ బిడ్డ ఆ తల్లిది కాదు, వెతుక్కుంటూ వచ్చిన చావు తలుపు తట్టి, ఈ ఇంట్లో ఆమె బిడ్డ లేడని తెలుసుకుని మళ్ళిపోతుందట. ఏడాది నిండి పుట్టువెంట్రుకలు తీసేనాడు తల్లి అంతే తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుంటుంది. ఇవన్నీ అత్త నాకు ఎనిమిదో నెలలో చెప్పింది. కొనేది ఎవరంటే, "బైటవాళ్ళేంటికి, పెద్దది ఉండాది కదా" అంది. నేను సరేనన్నాను. గాడిదకిస్తే బతుకుతాడన్నా అప్పుడు సరేననేదాన్ని.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం పుట్టాడు వాడు. ఏడుపు విన్నాను. మగబిడ్డ అన్న మాట విన్నాను. తల ఎత్తి చూద్దామనుకునే లోపల మంత్రసాని వాణ్ణి పాతగుడ్డలో చుట్టి, చేటలో పెట్టుకుని పెరటి తలుపు దాటేసింది. ఎరువు కుప్ప మీద ఒకసారి పెట్టి తీసిందట. తర్వాత ఇల్లు చుట్టి వీధి వాకిలికి వచ్చింది. గోడకు ఇవతల చాప మీద పడుకుని నేను అన్నీ విన్నాను.

"బిడ్డనమ్ముతుండాను. కొనేవాళ్ళుండారా?"

"ఏం బిడ్డ?" అక్క అడిగింది.

"మగబిడ్డే. తల్లి వొద్దని పారేసింది."

"సరి, ఇయ్యి. ఈ తవుడు తీసుకో."

అది ఆచారంలో చెప్పాల్సిన మాటేనని నాకు తెలుసు. మంత్రసానికి నా మీద ఏ పగా లేదు. అయినా తల్లి వద్దని పారేసింది అన్న ఆ మాట మాత్రం ఇప్పటికీ నాకు మింగుడుపడదు. నేను వాడి మొహం చూడకముందే నా గురించి వాడి చెవిన పడిన మొదటి మాట అది.

తవుడు గేదెకు పెట్టారు. బిడ్డను అక్క ఒడిలో పెట్టారు.

ఆ తర్వాత నాకు కట్టుబాట్లు వచ్చాయి. వాణ్ణి నా బిడ్డ అనకూడదు. ఎవరైనా ఎవరి బిడ్డ అంటే అక్క బిడ్డ అనాలి. ముద్దు పేరు పెట్టకూడదు. ఆకలేసినప్పుడు తెచ్చిస్తారు, పాలివ్వాలి, కడుపు నిండగానే తిరిగి ఇచ్చెయ్యాలి. చావు మరీ తెలివైనదని మా అత్తకు అనుమానం కాబోలు, దాని కళ్ళు కప్పడానికి నాకు కూలి కూడా ఏర్పాటు చేసింది. పొద్దున్నే అక్క వచ్చి గడప అవతల నిలబడి దోసెడు సజ్జలు, ఒక తమలపాకు నా కొంగులో పోసేది. పాలిచ్చినందుకు కూలి. నా పాలకు, నా బిడ్డకు. ఆ సజ్జలు మళ్ళీ సాయంత్రం అత్తే తీసుకెళ్ళి గాదెలో కలిపేది. వాడికి పెట్టిన పేరు నేనిక్కడ రాయను. మా వైపు ఆ పేరు చెవిన పడితే చాలు, వీణ్ణి తవుడికి కొన్నారని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది.

మొదట్లో పాలు కూడా పట్టనివ్వలేదు. ముర్రుపాలు అరగవని గోడకు పిండి పారబొయ్యమన్నారు. వాడికి చక్కెర నీళ్ళూ, చాకలి తెచ్చిన గాడిదపాలూ ఉగ్గుగిన్నెతో పోశారు. మొదటి చుక్క ఎవరు పోస్తే వాళ్ళ గుణం బిడ్డకు వస్తుందంటారు. ఆ చుక్క అత్తే పోసింది. ఇంకా నయం, వాడికి ఆమె గుణం రాలేదు. నా రొమ్ములు రాయిలా గట్టిపడి, జ్వరం వచ్చి, పక్క గదిలో వాడు ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తుంటే ఇక్కడ నేను పాలు గోడకు పిండేదాన్ని. చీమలు బారులు కట్టి తాగాయి. చీమలకు అరిగిన పాలు నా బిడ్డకు ఎందుకు అరగవో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నాకు పెట్టిన పత్యం సంగతి వేరే. కాల్చిన వెల్లుల్లి, మిరియాల పొడి, ఎండు అన్నం, ఉండచేసి మింగించే కాయం. మంచినీళ్ళు మాత్రం ఇచ్చేవాళ్ళు కాదు. బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారుతుందట. కోవిల్‌పట్టి ఎండలు ఎట్లా ఉంటాయో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. నాలుక అంగిట్లో అంటుకుపోయేది. వాణ్ణి పాలకు తెచ్చినప్పుడు, పాపం వీడైనా తాగుతున్నాడు కదా అనుకునేదాన్ని. అప్పుడప్పుడు అక్క వాణ్ణి ఇచ్చేటప్పుడు కొంగు చాటున చిన్న చెంబుతో నీళ్ళు తెచ్చేది. అత్త చూడకుండా గబగబా తాగి చెంబు తిరిగి ఇచ్చేదాన్ని. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వాడికి నీళ్ళు పోయడం పెద్ద తంతు. అత్త పెరట్లో పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, కాళ్ళు చాపుకుని కూర్చునేది. వాణ్ణి కాళ్ళ మీద బోర్లా వేసి ఆముదం రాసేది, తిప్పి పడుకోబెట్టి చేయీ కాలూ ఎదురెదురు లాగేది. మాడు మీద ఆముదం అద్దేది. ముక్కు సాగదీసేది, తల గుండ్రంగా రావాలని అరచేతుల మధ్య నొక్కేది. అక్క పక్కన నిలబడి కాగిన నీళ్ళు పోసేది. నీళ్ళైపోయాక చెవుల్లో ముక్కులో ఊది, నిప్పుల మీద సాంబ్రాణి వేసి బుట్ట బోర్లించి పొగ పట్టేవాళ్ళు. దీపం మీద కాల్చిన వసకొమ్ము సానరాయి మీద అరగదీసి నాలుకకు రాసేవాళ్ళు. అంతా అయ్యాక అక్క వాడి బుగ్గన, అరికాలిలో కాటుక చుక్క పెట్టి, పాతచీర ఉయ్యాలలో వేసి ఊపేది. ఇదంతా నేను పురిటిగది కిటికీ చువ్వల్లోంచి చూశాను. మా అత్త చేతులు గట్టివి, పని తెలిసిన చేతులు. కాదనను. కాని నా బిడ్డ వీపు ఎంత వెచ్చగా ఉంటుందో, తడి తల ఏ వాసన వేస్తుందో నాకు తెలియదు. నాకు వాడు ఎప్పుడూ ఆరిన తలతో, కాటుకతో, పొగ వాసనతో, వేరే వాళ్ళింట్లోంచి వచ్చినట్టు వచ్చేవాడు.

పురుడు వెళ్ళక ముందే ఒక మధ్యాహ్నం వాడు ఏడుపు మొదలుపెట్టాడు. అది ఆకలి ఏడుపు కాదు. అప్పుడే తాగి వెళ్ళాడు. కాళ్ళు కడుపులోకి ముడుచుకుని కీచుమని ఏడుస్తున్నాడు. ఆ గొంతు వినగానే మొదటి ఇద్దరూ గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. గోడ అవతల అత్త, "ఆముదం ఇంకొంజం పొయ్యి" అంటోంది. అక్క, "పొద్దున్నే పోసినాం అత్తా" అంటోంది. "నువ్వెప్పుడు కన్నావు, నువ్వెప్పుడు పెంచినావు, నాకు చెప్పేదానికి?" అంది అత్త. ఏడుపు ఇంకా పెరిగింది. ఉగ్గుగిన్నె నోట్లో పెట్టారు కాబోలు, గొంతు పూడినట్టు ఒకసారి ఆగింది.

అంటు ముట్టు ఏదీ నాకు గుర్తు లేదు. గడప దాటి, నడవలోకి వచ్చి, అక్క చేతుల్లోంచి వాణ్ణి లాక్కున్నాను. భుజాన వేసుకుని వీపు నిమురుతూ అటూ ఇటూ తిరిగాను. అత్త ఉగ్గుగిన్నె పక్కన పెట్టి, గొంతు పెంచకుండా అడిగింది.

"ఎవురి బిడ్డను ఎత్తుకోనుండావు నువ్వు?"

నేను వాడి వీపు నిమురుతూనే ఉన్నాను.

"అడుగుతుండాను కదా. ఎవురి బిడ్డ?"

మా ఆయన వాకిట్లో పగ్గం పేనుతున్నాడు. తల ఎత్తలేదు. వాడి కడుపు నా భుజానికి ఒత్తుకుని వాయువు పోయింది, ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. నేను నిజం చెబితే ఆ మాట వినడానికి చావు చూరు కింద కాచుకుని ఉందని ఆ ఇంట్లో అందరూ నమ్మారు. అప్పటికి నేనూ నమ్మాను.

"అక్క బిడ్డ" అన్నాను.

"అట్లైతే ఇచ్చేయ్ దానికి."

ఇచ్చేశాను. వాడు నిద్రపోతూనే అక్క చేతుల్లోకి వెళ్ళాడు. నడవంతా కడిగించారు.

అక్క మీద నాకు మొదట్లో కోపం లేదు. ఆమె కూడా నాలాగే ఆ ఇంట్లో పడి ఉండేది. బిడ్డ ఒడిలోకి వచ్చాక ఆమె నడక మారింది. అత్త నోట ఆ పాత మాట రావడం ఆగిపోయింది. బావకు రెండో పెళ్ళి చెయ్యాలని బంధువులు అప్పుడప్పుడు తెచ్చే కబుర్లు కూడా ఆగిపోయాయి. వాడు నవ్వడం మొదలుపెట్టాక ఒకరోజు నేనూ ఆమే బావి దగ్గర గుడ్డలు జాడిస్తున్నాం. అవి వాడి గుడ్డలే. ఆమె చుట్టూ చూసి మెల్లగా అంది.

"మే, నువ్వేం బయపడొద్దు. వాడు నీ బిడ్డే. ఏడాది కానీ, నా చేత్తో నేనే ఇచ్చేస్తా."

"సత్యంగానా అక్కా?"

"మన సామి మీద ఆన."

ఆ ఆన పట్టుకుని నేను ఏడాది గడిపాను. వాడు బోర్లా పడ్డాడు, పాకాడు, గోడ పట్టుకుని నిలబడ్డాడు. వాడు అమ్మా అన్న మొదటిరోజు కూడా ఉంది. అన్నది ఆమె మొహం చూసి. ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను సజ్జలు దంచుతూ, వినబడనట్టు రోకలి ఇంకా గట్టిగా వేశాను. నాకు అది లెక్క కాదనుకున్నాను. తిరిగి కొనుక్కున్నాక నేర్పుకోవచ్చు అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

బిడ్డ బతికాడన్న పేరంతా అత్తకు దక్కింది. బీడుపట్టిలోంచి, సాత్తూరులోంచి బంధువులు వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. "నా ఆలోచన వల్ల నిలిచినాడు" అని ఆమె ప్రతి ఒక్కరికీ చెప్పేది. కొందరు, "పెద్దకోడలిది రాసిగల ఒడి" అని ఆ అదృష్టం ఆమెకు కట్టేవాళ్ళు. నా పాల సంగతి ఎవరూ ఎత్తలేదు. వాడెందుకు బతికాడో నాకు తెలియదు. ఆ ఇద్దరూ ఎందుకు పోయారో నాకు తెలిస్తే గదా వీడెందుకు ఉన్నాడో చెప్పడానికి.

ఏడాది నిండింది. పుట్టువెంట్రుకలు ఇవ్వడానికి బండి కట్టుకుని ఎట్టయాపురం దాటి మా ఇలవేలుపు గుడికి వెళ్ళాం. ముందురోజు నేను కొత్త వడ్లు తెప్పించి, నా చేత్తో దంచి, చెరిగి, తవుడు మూట కట్టుకున్నాను. దారంతా ఆ మూట నా ఒడిలోనే ఉంది. వాడు ఎదురుగా అక్క ఒడిలో కూర్చుని ఎడ్ల గంటలు మోగినప్పుడల్లా చప్పట్లు కొడుతున్నాడు. ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు ఇటువైపు కూర్చుంటాడు కదా అని నేను చోటు కూడా సర్దుకున్నాను.

గుండు అయింది, గంధం పూశారు. నేను మూట విప్పుతుంటే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"తొందరేంటికి? సామిని అడిగి చూస్తాం. పూలు కట్టండి."

మా వాళ్ళు ఏది తేలకపోయినా పూలు కట్టి చూస్తారు. ఒక ఆకులో తెల్లపువ్వు, ఇంకో ఆకులో ఎర్రపువ్వు పెట్టి దారంతో చుట్టి సామి ముందు వేస్తారు. ఏమీ తెలియని చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తారు. తెల్లది వస్తే బిడ్డను తల్లికి ఇచ్చెయ్యాలి, ఎర్రది వస్తే కొన్నవాళ్ళ దగ్గరే ఉండాలి అని అత్త పైకి చెప్పింది. పొట్లాలు ఆమే కట్టింది, గుడి వెనక్కు వెళ్ళి. పూజారి కూతురు పరుగెత్తుకొచ్చి ఒకటి తీసి ఇచ్చింది. విప్పారు. ఎర్ర గన్నేరు.

రెండో పొట్లం అక్కడే ఉంది. నేను చెయ్యి చాపాను. నా చెయ్యి చేరేలోపల అత్త దాన్ని తీసి ధూపం నిప్పుల్లో వేసింది. "సామి చెప్పినాక ఇంకేంది చూసేది?" అంది. ఆకు చిటపటమని కాలింది. అందులో తెల్లపువ్వు ఉందో, అదీ ఎర్రదో నాకు ఈనాటికీ తెలియదు. తెలియదని రాస్తున్నాను గాని, నా మనసు ఏం నమ్ముతుందో చెప్పక్కరలేదు.

నేను అక్క వైపు చూశాను. ఆన వేసింది ఆమె. ఒక్క మాట, నేనిచ్చేస్తాను అత్తా అన్న ఒక్క మాట ఆమె అంటే చాలు. ఆమె పెదవులు కదిలాయి కూడా. అప్పుడే వాడు గుండు మంటకు చిరాకుపడి ఏడుస్తూ ఆమె మెడ చుట్టూ చేతులు వేశాడు. ఆమె కళ్ళు మూసుకుని వాడి గుండు మీద చెంప ఆనించింది. అంతే. ఆ క్షణాన నేనామెను అత్తకంటే ఎక్కువ అసహ్యించుకున్నాను. అత్తకు నా మీద ప్రేమ ఎప్పుడూ లేదు, కాబట్టి ఆమె నాకేమీ బాకీ లేదు.

బండి దగ్గర మా ఆయనను పట్టుకుని అడిగాను, మీరైనా మాట్లాడండి అని. ఆయన ఎడ్ల కాడి సరిచేస్తూ, "సామి వాక్కు అయిపోయె. బిడ్డ మన ఇంట్లోనే కదా ఉండాడు, ఎవురి ఒడిలో ఉంటే ఏంది?" అన్నాడు. ఎవరి ఒడిలో ఉంటే ఏమిటో మగవాడికి ఎట్లా తెలుస్తుంది. తవుడు మూట తిరుగుదారిలో ఎద్దులకు పెట్టేశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే బావ మండీవాళ్ళు విరుదునగర్లో ఇంకో కొట్టు పెట్టి అక్కడికి రమ్మన్నారు. అప్పటికింకా మా ముసలివాళ్ళు దాన్ని విరుదుపట్టి అనే అనేవాళ్ళు. బిడ్డ పాలు మానితే అక్కా బావా వాణ్ణి తీసుకుని వెళ్ళచ్చు. పాలు మానిపించమని అత్త నాతో చెప్పింది. వేపాకు నూరి ముద్ద తెచ్చి ఇచ్చింది కూడా. రొమ్ముకు పూసుకున్నాను. వాడు నోరు పెట్టి, మొహం వికారంగా పెట్టి, నా వైపు చూశాడు. మళ్ళీ పెట్టి చూశాడు. మూడోసారి పెట్టలేదు. దిగి, గోడ పట్టుకుని అక్క దగ్గరికి నడిచి వెళ్ళిపోయాడు. నాకంటూ వాడితో ఉన్న చుట్టరికం అది ఒక్కటే, దాన్ని కూడా నా చేతే తెంపించారు.

మా ఆయన ఓదార్పు ఏమిటంటే, విరుదునగర్ ఎంత దూరం, పొద్దున రైలెక్కితే పొద్దెక్కేసరికి దిగుతాం అని. నిజమే. రెండు మూడు నెలలకు ఒకసారి వెళ్ళేదాన్ని. వాళ్ళ వీధిలో అడుగు పెట్టగానే మిరపకాయల ఘాటుకు కళ్ళలో నీళ్ళు వచ్చేవి. ఆ ఊరు ఒకందుకు మంచిది, ఎవరూ ఎందుకేడుస్తున్నావని అడగరు. వాడు గంపలూ గోనెలూ దాటుకుంటూ పరుగెత్తుకొచ్చి, "చిన్నమ్మా వచ్చినావా? ఏం తెచ్చినావు?" అనేవాడు. తేగలో, వేయించిన శనగలో ఇచ్చేదాన్ని. వాటిని తీసుకుని వాళ్ళమ్మకు చూపించడానికి పరుగెత్తేవాడు.

వాడికి ఆరో ఏడు నడుస్తుండగా నాకు ఆడపిల్ల పుట్టింది. ఈసారి చేట రాలేదు, తవుడు రాలేదు, వీధి వాకిట ఎవరూ నిలబడలేదు. మంత్రసాని ఆచారం చెయ్యాలా అని అడిగితే అత్త, "ఆడదానికేంటికి అదంతా? దాని మీద ఎవురు కన్నేస్తారు?" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు అంత మంచి మాట ఆమె జన్మలో చెప్పలేదు. పిల్లకు ముర్రుపాలు నేను ఆ క్షణానే పట్టాను, అడ్డుపడే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. పిల్ల తాగింది, అరిగించుకుంది, నిద్రపోయింది. దవడలు బిగుసుకోలేదు, విల్లులా వంగలేదు. రోజులు గడుస్తున్న కొద్దీ నా గుండెలో సంతోషం ఒక పక్క, మంట ఒక పక్క పెరిగాయి. ఏ మాయా మంత్రం లేకుండా ఈ పిల్ల బతికితే, వాణ్ణి నా దగ్గర్నుంచి ఎందుకు తీసుకున్నట్టు?

పురుడు వెళ్ళాక అత్త నడుము నొప్పి అంది. అందుకని పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, పిల్లకు నేనే నీళ్ళు పోసుకున్నాను. కాళ్ళ మీద ఆ కాస్త బరువు, ఆముదానికి జారిపోయే వీపు, నీళ్ళు పడగానే తెరిచే పిడికిళ్ళు. తడి తల ముక్కుకు ఆనించుకుంటే ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అంతకుముందు ముగ్గురిని కన్న తల్లిని, నాలుగో బిడ్డ దగ్గర తెలిసింది.

నెల తిరిగాక అక్క పాపను చూడ్డానికి విరుదునగర్ నుంచి రైల్లో వచ్చింది, వాణ్ణి వెంటబెట్టుకుని. వాడు అప్పటికి బడికి పోతున్నాడు. వాడి పేరుకు అర్థమేమిటో అక్కడి పిల్లలు ఎగతాళి చేసి చెప్పేసే ఉంటారు. ఎవరి దగ్గర కొన్నారో చుట్టాల నోట విని ఉంటాడు. అక్క లోపల అత్తతో మాట్లాడుతోంది. నేను పెరట్లో పాపకు నీళ్ళు పోస్తున్నాను. వాడు వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. పాప పాదం వేలితో తాకి చూశాడు. అది తన్నితే నవ్వాడు.

"నీళ్ళు కాలదా దీనికి?"

"కాలదప్పా. చెయ్యి పెట్టి చూసే పోస్తాను."

చెంబు తీసుకుని తనూ కొంచెం పోశాడు. జాగ్రత్తగా, కళ్ళలో పడకుండా. వాడి ముంజేతికి నూనె అంటింది. అంత దగ్గరగా వాడు నా పక్కన కూర్చుని ఎన్నేళ్ళైందో.

"చిన్నమ్మా."

"ఏంటప్పా?"

"ఈ పాపను ఎవురికిస్తావు?"

అడిగిన తీరులో ఏ నిష్ఠూరమూ లేదు. పుట్టిన బిడ్డను ఎవరికో ఒకరికి ఇవ్వడం నా అలవాటు అనుకున్నట్టు, ఉత్తినే అడిగాడు.

"ఎవురికీ ఇయ్యను" అన్నాను.

వాడు చెంబు కింద పెట్టాడు. కాసేపు పాపనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "నన్నేంటికిచ్చినావు మరి?"

నువ్వు బతకాలని అనబోయాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది అదే. కాని ఎవరికీ ఇవ్వకుండానే బతికిన పిల్ల నా కాళ్ళ మీద పడుకుని నీళ్ళు తన్నుతోంది. వాడు దాన్ని చూస్తున్నాడు. నేను చెంబు అందుకుని పాప మీద నీళ్ళు పోశాను. వాడు లేచి, చేతులు చొక్కాకు తుడుచుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు.